ఆదాం తలపాగా

పొద్దు నడినెత్తికి రాకముందే ఏస్తేరుకు అరికాళ్ల మంట ఆగిపోయింది.

తెల్లవారుజామున గోనెలోకి దిగేటప్పుడు మోకాళ్ల దాకా ఆముదం పట్టించుకుంది. రెండు బస్తాలు తొక్కేవరకు ఆ ఆముదం కాసింది. ఆ తర్వాత వేళ్ల సందుల్లో మొదలైన మంట పిక్కలకెక్కి కళ్ల వెంట నీళ్లు తెప్పించింది. పళ్లు బిగబట్టి తొక్కింది. ఇప్పుడిక మంటా లేదు, నొప్పీ లేదు. కాళ్లు ఎవరివో అన్నట్టు వాటి మానాన అవి లేస్తున్నాయి, దిగుతున్నాయి.

మిరపకాయలు కూరిన గోనె బస్తాను ఆ పక్క టిక్కీ అంటారు. రెండు రాటల మధ్య గోనె మూతి బిగించి కడతారు. తొక్కే మనిషి అందులోకి దిగి నిలబడతాడు. పైనుంచి తట్టలతో కాయలు పోస్తుంటే ముందు అంచుల వెంట, తర్వాత మధ్యలో మడమతో అదుముతూ, కాయతో పాటు తానూ పైకి లేస్తాడు. కాయ విరగకూడదు, బస్తాలో బోలు మిగలకూడదు. చూసేవాళ్లకు అదేదో గంతులాటలా ఉంటుంది గానీ, సాయంత్రానికి నడుము ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పని.

"కాయ పొయ్యండే! చేతులు పడిపోయినయ్యా?" కల్లం గట్టు మీంచి అరిచాడు యలమందయ్య. ఎనిమిదెకరాలు కౌలుకు చేసి మిరప వేసిన రైతు. "ఎండ ముదిరితే కాయ పెళుసెక్కుద్ది. ఇరిగిన కాయకి యార్డులో ఎవడూ ధర కట్టడు."

అతని కళ్లు కాయల మీద కన్నా ఆకాశం మీదే ఎక్కువున్నాయి. పడమటి వైపు రెండు రోజులుగా మబ్బు కమ్ముతోంది. రేపు సాయంత్రానికి గుంటూరు యార్డుకు లారీ మాట్లాడాడు. ఈలోపల చినుకు పడితే కల్లంలో ఉన్న కాయంతా నల్లబడుతుంది. అప్పుడు యలమందయ్య కౌలు సంగతీ, పురుగుమందుల కొట్టు బాకీ సంగతీ దేవుడికే తెలియాలి.

రాశి చుట్టూ గొంతుక్కూర్చుని తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్లలోంచి సుబ్బరావమ్మ తలెత్తింది.

"ఏం బావా, నీ దగ్గర చుట్ట ఉంటే ఒకటి పడెయ్యరాదూ!"

ఆడవాళ్లందరూ పైట కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. పొద్దుటి నుంచి ఆమెకు అదే వేళాకోళం. ఏస్తేరు నెత్తిన ఎర్ర గళ్ల తలపాగా ఉంది మరి. ఆమె మొగుడు ఆదాందది. చుట్టడం చేతగాక చెవుల మీదికి జారుతుంటే మాటిమాటికీ ఎగదోసుకుంటోంది. ఏస్తేరుకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. సంక్రాంతి ముందు ఆదాం మంచమెక్కినప్పటి నుంచీ ఆమెకు ఏదీ రావడం లేదు. పొయ్యి వెలిగిస్తుంది, గంజి వారుస్తుంది, అతని వీపు రాస్తుంది, పనికొస్తుంది. లోపల మాత్రం ఎవరో తలుపు దగ్గరేసి వెళ్లిపోయినట్టుంది.

పక్క రాటల మధ్య ఇంకో గోనెలో తొక్కుతున్న జయరావు ఆమెకు మరిది వరస. ఆదాం, జయరావు జత. పదిహేనేళ్లుగా ఆ చుట్టుపక్కల కల్లాల్లో టిక్కీలు తొక్కేది వాళ్లిద్దరే. మిరప ఘాటు ముక్కులోకి, నోట్లోకి పోయి పోయి ఆదాం ఊపిరితిత్తులు చెడ్డాయని సత్తెనపల్లి డాక్టరు చెప్పాడు. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే నలభై సార్లు దగ్గుతాడు.

కల్లాలు ఎత్తేస్తే మళ్లీ తొలకరి దాకా ఆ ఊళ్లో కూలోళ్లకు పనుండదు. ఆ ఎండాకాలమంతా ఏస్తేరు ఇంట్లో పొయ్యి మండేది ఆదాం తొక్కుడు డబ్బులతోనే. ఆ ఏడు ఆ డబ్బులు లేవు. ఏస్తేరు ఏరుడు కూలి ఏ రోజుకారోజు నూకలకూ కిరసనాయిలుకూ సరిపోతోంది. అతని మందులు రెండు వారాల కిందటే అయిపోయాయి.

అందుకే, ముందురోజు ఆదాం బదులు ఇంకో మనిషి దొరక్క యలమందయ్య జుట్టు పీక్కుంటున్నప్పుడు, "నేను తొక్కుతానయ్యా" అంది ఏస్తేరు. పదిహేనేళ్లు మొగుడికి తట్ట అందించిన మనిషి. ఎక్కడ మడమెయ్యాలో, ఎక్కడ వేళ్లెయ్యాలో ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

యలమందయ్య భార్య వెంకటేశ్వరమ్మ మాత్రం బుగ్గలు నొక్కుకుంది.

"ఆడకాలు రాశి మీద పడొచ్చా! లక్ష్మి నిలుస్తదా? ఏడాది కష్టమంతా కాలదన్నుకుంటామా?"

అది ఆ ఊరి కట్టుబాటు. ఆడది మొక్క నాటొచ్చు, కలుపు తియ్యొచ్చు, కాయ కొయ్యొచ్చు, నెత్తిన మొయ్యొచ్చు, ఎండబెట్టొచ్చు, ఏరొచ్చు. కాయ రాశైనాక దాని మీద కాలు మాత్రం పెట్టకూడదు. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. రాశి దాకా లేని అంటు రాశి దగ్గరే ఎందుకొస్తుందో అడిగినవాళ్లూ లేరు. అన్ని పనుల్లోకీ పెద్ద కూలి వచ్చే పని అదొక్కటే కావడం కూడా ఎవరి కంటా పడలేదు.

యలమందయ్య మబ్బు వంక చూశాడు. భార్య వంక చూశాడు. వెంకటేశ్వరమ్మ కూడా మబ్బు వంక చూసింది. కాసేపటికి దారి ఆవిడకే దొరికింది.

"మా అత్తగారి నాడు ఒకసారి ఇట్టాగే మనిషి దొరక్కపోతే తలపాగా చుట్టించి తొక్కించారంట. తలపాగా ఉంటే మగోడి లెక్కే, దోషం లేదు. వాళ్లాయనది చుట్టుకు రమ్మను."

"చొక్కా కూడానా అమ్మగారూ?" అడిగింది ఏస్తేరు.

"చొక్కాదేముందే, పత్తి తీసేటప్పుడు ఆడోళ్లంతా తొడుక్కునేదేగా. తలపాగా ముఖ్యం."

అట్లా ఏస్తేరు మగాడైంది.

సాయంత్రం ఎండ మెత్తబడ్డాక, దబ్బనంతో కుట్టిన టిక్కీలు వరసగా నిలబెట్టి యలమందయ్య లెక్క చూశాడు. జయరావు తొక్కినవి పన్నెండు. ఏస్తేరువి పన్నెండు. తేడా కనిపెడదామని ఒక్కో దాని మీదా చేత్తో చరిచి చూశాడు. ఏదీ బోలు పలకలేదు.

"పర్లేదే, మీ ఆయన పేరు నిలబెట్టావు" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

టిక్కీకి పది రూపాయల చొప్పున జయరావు చేతిలో నూట ఇరవై పెట్టాడు. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగి, వరసగా నిలబడ్డవాళ్లకు ఏరుడు కూలి ఇచ్చుకుంటూ వచ్చాడు. ఏస్తేరు దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతిలోనూ రెండు ఇరవై కాగితాలు పెట్టి పక్క మనిషి దగ్గరికి వెళ్లబోయాడు.

ఏస్తేరు చెయ్యి ముడవలేదు.

"అయ్యా, నేను తొక్కుడుకొచ్చాను."

"వచ్చావు. కాదన్నానా?"

"తొక్కుడు కూలి టిక్కీకి పది గదయ్యా."

"అది మగ కూలే. ఆడకూలి ఊరందరికీ నలభయ్యే. ఏరినా నలభయ్యే, మోసినా నలభయ్యే." యలమందయ్య గొంతులో కోపం లేదు. చిన్నపిల్లకు నచ్చచెప్పినట్టే చెప్పాడు. "నేనొక్కణ్ణి పెంచితే రేపు ఊళ్లో రైతులు నన్ను బతకనిస్తారా? నాకేమన్నా మూటలు మిగులుతున్నయ్యా? యార్డులో క్వింటాలు మూడు వేలుంటది అనుకున్నా, నిన్న రెండు వేల రెండొందలంట."

"తలపాగా చుట్టించారు గదయ్యా, మగోడి లెక్కని."

వెనకనుంచి వెంకటేశ్వరమ్మ అందుకుంది. "అది రాశి కోసం చుట్టించిందే పిచ్చిదానా. కూలికి తలపాగాకి ఏందే సంబంధం?"

 ఏస్తేరుకు లోపల ఏమీ తగల్లేదు. కాగితాలు కొంగున ముడేసుకుంది. జయరావు అప్పటికే కాళ్ల మంటకు బూడిద రాసుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు.

ఊరివైపు నడుస్తుంటే అతనే కదిలించాడు. "వదినా, నేను కల్పించుకుని ఉంటే నా పని కూడా పోయేది. తెలుసు గదా."

"తెలుసు."

"కోపమా?"

"కోపం కాదురా. నేను నలభైకి తొక్కితే, వచ్చే ఏడు నిన్ను నూట ఇరవైకి ఎందుకు పిలుస్తారు? ఇంకో తలపాగా కొంటే సరిపోద్ది గదా వాళ్లకి."

జయరావు రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి కల్లం వైపు చూశాడు. 

ఆదాం గుడిసె ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి ఎప్పుడూ కూర్చునే ఉంటాడు. ఒకప్పుడు కల్లంలో రాశిలా ఉండే మనిషి ఇప్పుడు ఒట్టి గోనెలా ఉన్నాడు. పెళ్లాం తలపాగా విప్పుతుంటే ఎగాదిగా చూశాడు.

"చుట్టడం అట్టా కాదే. కుడిచెవి మీదుగా తిప్పాల." నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక అడిగాడు. "ఎన్ని తొక్కావు?"

"పన్నెండు."

"అబ్బో! జయరావు?"

"వాడూ అన్నే."

ఆదాం మొహం వెలిగింది. "అయితే రేపు సుబ్బరంగా మందులు తెచ్చుకోవచ్చు. అయిదు కిలోల నూకలు గూడా..." ఏస్తేరు కొంగు ముడి విప్పి మంచం మీద పెట్టిన రెండు కాగితాలు చూసి ఆగిపోయాడు.  చివరికి చిన్నగా అన్నాడు.

"పోనీలే. ఆడకూలి అంతేగా ఎప్పుడూ. గొడవ పెట్టుకోమాక. ఉన్నది గూడా పోద్ది."

ఏస్తేరు పొయ్యి దగ్గర కూర్చుని చితుకులు విరుస్తోంది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"పదిహేనేళ్లు నువ్వు తొక్కితే తట్ట పోసింది ఎవరు?"

"నువ్వే. ఎవరు పోశారు మరి?"

"నేను పొయ్యకపోతే నీ టిక్కీ నిండేదా? నీకు నూట ఇరవై ఇచ్చిన రోజున నాకెంతిచ్చారో ఏనాడన్నా అడిగావా?"

ఆదాం మంచం మీది కాగితాలు మడిచాడు.  పక్క గుడిసెలో ఎవరో పిల్లను కేకేస్తున్నారు.  అన్నం ఉడికాక, తినేటప్పుడు అతను తన కంచంలో ఉన్న ఎండుచేప ముక్క తీసి ఆమె కంచంలో వేశాడు. ఏస్తేరు దాన్ని తిన్నది గానీ, అది ఉప్పగా ఉందో చప్పగా ఉందో ఆమెకు తెలియలేదు.

మర్నాడు మంచు ఇంకా విడవకముందే కల్లంలో పని మొదలైంది. మబ్బు ఊరి మీదికి దిగి వచ్చింది. గాలి లేదు. రాశి ఇంకా సగానికి సగం అట్లాగే ఉంది. యలమందయ్య పట్టలు తెప్పించి పక్కన పెట్టాడు గానీ, అవన్నీ కలిపినా పావు వంతు రాశిని కప్పవు. వెంకటేశ్వరమ్మ ముంత పట్టుకుని ఒక్కో తట్ట మీదా కాయ మెత్తబడి విరక్కుండా ఆదరాబాదరాగా నాలుగు నీటి చుక్కలు చిలకరిస్తోంది.

తెల్లారగట్ల పెళ్లాం బయల్దేరుతుంటే ఆదాం పిలిచి తలపాగా తానే చుట్టాడు. కుడిచెవి మీదుగా తిప్పి గట్టిగా బిగించాడు. నిన్నటిలా అది జారడం లేదు. సుబ్బరావమ్మ ఇవాళ బావా అని పిలవలేదు. నిన్న కూలి పంచినప్పుడు ఆమె కూడా ఆ వరసలో ఉంది.

గోనెలోకి దిగేముందు ఏస్తేరు యలమందయ్య దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, నిన్నటిదీ ఇవాల్టిదీ కలిపి తొక్కుడు కూలే ఇస్తారా?"

"ముందు గోనెలోకి దిగవే తల్లీ! చినుకు పడేట్టుంటే ఇప్పుడా బేరాలు? సాయంత్రం చూద్దాంలే."

ఏస్తేరు దిగింది. తట్ట వెనక తట్ట కాయ పడుతోంది. అంచులు, మధ్య. అంచులు, మధ్య. కాయ పాదాల కిందికి వచ్చి ఆమెను పైకి లేపుతోంది. కాళ్లలో నిన్నటి మొద్దుదనం పోలేదు. పక్క గోనెలో జయరావు ఎందుకో ఇవాళ ఆమె కన్నా నెమ్మదిగా తొక్కుతున్నాడు.

ఆమె గోనె సగానికి పైగా నిండాక వెంకటేశ్వరమ్మ దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి, దయగానే మాట్లాడింది.

"ఏస్తేరూ, మనసులో పెట్టుకోమాకే. ఆదాం మంచాన ఉన్నాడని నాకు మాత్రం జాలి లేదా? సాయంత్రం ఎల్లేటప్పుడు తాలు కాయలు ఒక తట్ట పట్టుకుపో. పచ్చడి నూరుకుందువు."

ఏస్తేరు మడమ గాల్లోనే ఆగింది.

తాలు కాయలంటే రంగుపోయి తెల్లబడ్డ కాయలు. మంచి రాశిలో పనికిరావని ఏరి పారేసేవి. పన్నెండేళ్ల వయసు నుంచీ వాటిని ఏరుతూనే ఉంది ఏస్తేరు. ఏరిన వాటినే ఇవాళ ఆమె ఒళ్లో పోస్తామంటున్నారు. నెలల తరబడి లోపల దగ్గరేసి ఉన్న తలుపు ఎక్కడో కిర్రుమంది. అది కోపమో ఏడుపో ఆమెకే తెలియలేదు గానీ, ఏదో ఉందని మాత్రం తెలిసింది.

కాలు మెల్లిగా కిందికి దించింది. తొక్కలేదు. రెండు చేతులూ ఎత్తి ఆదాం బిగించిన ముడి విప్పింది. తలపాగా చుట్టు చుట్టుగా విడిపోయి, నెరిసీ నెరవని జుట్టు భుజాల మీద పడింది.

"ఏందే ఆపావు?" యలమందయ్య అరిచాడు.

ఏస్తేరు తలపాగాను మడిచి రాట మీద వేసింది. గోనె అంచు పట్టుకుని, ఒక కాలు బయటికి తీసి, రెండో కాలు తీసి, రాశి మీద ఎక్కడా పాదం పడకుండా చూసి చూసి నేల మీద దిగింది.

"తలపాగా తీసేశానమ్మగారూ" అంది. గొంతు పెంచలేదు. "ఇప్పుడు నేను ఆడదాన్నే. రాశి మీద కాలు పెట్టకూడదు గదా."

 ఏస్తేరు నడిచివెళ్లి సుబ్బరావమ్మ పక్కన గొంతుక్కూర్చుంది. ఒక తట్ట ముందుకు లాక్కుని తాలు కాయలు ఏరడం మొదలుపెట్టింది.

"నలభై రూపాయల పని ఇదే గదయ్యా. చేస్తున్నా."

"ఒసే, లారీ వస్తదే! మబ్బు చూడవే!" యలమందయ్య నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. ఆ మనిషిని చూస్తే జాలేసే మాట నిజం. అతని అప్పు అబద్ధం కాదు, అతని భయం అబద్ధం కాదు. కానీ ఆ నెత్తి మీద బరువు దించుకోవడానికి అతనికి ఎప్పుడూ దొరికేది ఏస్తేరు నెత్తే. "ఒరేయ్ జయరావూ, నువ్వన్నా చెప్పరా మీ వదినకి!"

జయరావు తన గోనెలో నడుము లోతున నిలబడి ఉన్నాడు. అతని కాళ్లు కదలడం లేదు. వదిన వైపు చూశాడు, రాట మీది తలపాగా వైపు చూశాడు. తర్వాత తన తలపాగా మీద చెయ్యి వేసుకున్నాడు. సర్దుకోవడానికో, విప్పడానికో తెలియదు. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

వెంకటేశ్వరమ్మ రాట మీంచి ఆదాం తలపాగా లాగి ఆడవాళ్ల మధ్యకు వచ్చింది.

"సుబ్బరావమ్మా, లెయ్యవే! గట్టిదానివి గదా. ఇది చుట్టుకుని దిగు. యాభై ఇస్తా. యాభయ్యే, అందరికన్నా పది ఎక్కువ!"

సుబ్బరావమ్మ ఏరుతున్న చెయ్యి ఆగింది. ఆమె ఇంట్లోనూ పొయ్యి ఉంది, ఆ పొయ్యికీ ఎండాకాలం వస్తుంది. ముందుకు చాచిన ఎర్ర గళ్ల గుడ్డ వంక చూసింది. పక్కన తల వంచుకుని కాయలు ఏరుతున్న ఏస్తేరు వంక చూసింది. చుట్టూ ఆడవాళ్లెవరూ ఏరడం లేదు. తీసుకోమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

మొదటి చినుకు రాశి మీద పడింది. రెండోది ఏస్తేరు పాదం మీద పడింది.

మిరప ఘాటు పట్టిన ఒంటికి నీళ్లు తగిలితే మంట రేగుతుందని కల్లంలో పనిచేసే ప్రతివాళ్లకూ తెలుసు. నిన్నటి నుంచి మొద్దుబారి ఉన్న కాళ్లు ఒక్కసారిగా భగ్గుమన్నాయి. వేళ్ల సందుల్లోంచి పిక్కల దాకా మంట పాకింది. ఏస్తేరు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె కాళ్లు ముడుచుకోలేదు. చినుకులు పడే వైపుకు ఇంకాస్త చాపి, తట్టలోంచి ఇంకో తాలు కాయ ఏరి పక్కన పడేసింది.

వెంకటేశ్వరమ్మ చేతిలో తలపాగా ఇంకా అట్లాగే వేలాడుతోంది.